పద్దు ఎవరి చేతిలో ఉంది?

(బాపట్లలో ఆదివాసీ యువతీయువకులు కూర్చున్న చోట మాట్లాడిన మాటల పాఠం)

వెనక వరసలో కూర్చున్న మా పెద్దమ్మలకి మరీ మరీ నమస్కారం. పని మానుకుని వచ్చారు, ఆ రోజు కూలి పోయిందని నాకు తెలుసు. అందుకే మీ టైం వేస్ట్ చేయను.

నన్ను డేటాబేస్ గురించి చెప్పమన్నారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎక్స్‌పర్ట్‌ని కాదు, ఇంకా నేర్చుకుంటున్నదాన్నే. రేపల్లె దగ్గర యానాది కాలనీ మాది. డిగ్రీ తెనాలిలో చదివాను. రేపల్లె – తెనాలి ప్యాసింజర్‌లో పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదాన్ని. డిగ్రీ అయ్యాక ఒక చిన్న వెబ్‌సైట్ కడదామనుకున్నా. మన కాలనీల నుంచి ఇచ్చే అర్జీలు ఎక్కడిదాకా వచ్చాయో అందరికీ కనిపించే వెబ్‌సైట్. ఆ పనిలో నేను చేసిన తప్పులు, వాటి వల్ల నేర్చుకున్నవి చెప్తాను. బాగా వచ్చినవాళ్లకి మొదట్లో ఎక్కడ తడబడ్డారో గుర్తుండదు. నాకు ఇంకా గుర్తుంది.

డేటాబేస్ అంటే పెద్ద కంపెనీల వ్యవహారం అని భయపడొద్దు. అది మన ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉంది. కాకపోతే మన చేతిలో లేదు.

మా నాయన చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. అక్క పెళ్లికి చెరువు ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఆయన దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. అందులో మా నాయన పేరు మీద ఒక పేజీ. జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే ఆ పేజీలో ఒక గీత, బియ్యం తెచ్చుకుంటే ఇంకో గీత. మా నాయనకి చదువు రాదు. "ఎంతయింది బాబూ?" అని అడిగితే ఆయన పుస్తకం తెరిచి ఒక అంకె చెప్పేవాడు. ఆ అంకె ఏ ఏడూ తగ్గలేదు. కష్టం చేసింది మేము, పద్దు రాసింది ఆయన. పద్దు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు తీర్చాల్సిన పని లేదు, అది రద్దయిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. అది వెట్టి అప్పు అని మనం అన్నామంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. అంత బలమైన చట్టం. కానీ ఆఫీసరు ముందుకి వెళ్లి నిలబడితే మొదటి ప్రశ్న "ఎప్పటినుంచి పనిచేస్తున్నావు? ఎంత తీసుకున్నావు?" అని. తారీఖులు మన దగ్గర ఉండవు. అన్నీ ఆ ఎర్ర పుస్తకంలోనే ఉంటాయి.

ఇది యానాదుల కథ. ఎరుకల వాళ్ల కథ ఇంకా పెద్దది. ఇక్కడి నుంచి చీరాల వైపు రైలెక్కితే స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. ఆ ఊరి పేరు వినగానే బయటివాళ్ల మొహాలు ఎలా మారతాయో ఇక్కడున్న ఎరుకల పిల్లలకి నేను చెప్పక్కర్లేదు. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం చెప్పాలి.

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని ఇంకా గట్టిగా చేసి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. మనిషి ఏం చేశాడని అడగలేదు, ఏ కులంలో పుట్టాడని అడిగారు. జిల్లా మేజిస్ట్రేట్ ఒక రిజిస్టర్ తయారుచేస్తాడు. అందులో పేరెక్కితే వేలిముద్రలు తీసుకోవచ్చు. ఫలానా టైముకి వచ్చి హాజరు వేయించుకోమనొచ్చు. ఇల్లు మారితే చెప్పాలి, ఊరు దాటితే చెప్పాలి. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్ముకున్న జనం ఎరుకలు. ఉప్పు మీద పన్నులు, కొత్తగా వచ్చిన రైళ్లు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తిరిగి బతికేవాళ్లకి తిరగడమే నేరం అయిపోయింది. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంట్ స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. మీనా రాధాకృష్ణ గారు ఈ చరిత్ర మీద 2001లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. దొరికితే చదవండి.

ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రిజిస్టర్ కూడా డేటాబేసే. పేరు, తండ్రి పేరు, ఉండే చోటు, వేలిముద్ర, హాజరు. వరసలు, గళ్లు. మన వాళ్లని బాగా లెక్కగా, పద్ధతిగా రాసిపెట్టిన మొదటి డేటాబేస్ మనల్ని పట్టుకోవడానికి కట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇప్పుడు నా పని సంగతి.

మొదట్లో నేను అర్జీలన్నీ ఎక్సెల్ షీట్లో ఎక్కించాను. ఒక్క పెద్ద షీటు. అర్జీ ఇచ్చినవాళ్ల పేరు, కాలనీ, మండలం, జిల్లా, సమస్య, తారీఖు, ఏమైంది. అంతా బాగానే ఉందనుకున్నా. కొన్నాళ్లకి "ఏ కాలనీ నుంచి ఎన్ని అర్జీలు?" అని లెక్క తీద్దామని చూస్తే, మనకున్న కాలనీల కంటే రెట్టింపు కాలనీలు వచ్చాయి! ఎందుకంటే ఒకే కాలనీని ఒకచోట "యానాది కాలనీ" అని, ఇంకోచోట "యానాదుల కాలనీ" అని, మరోచోట "ఎస్టీ కాలనీ" అని రాశాను. ఒక చోట పేరు చివర ఒక ఖాళీ ఎక్కువ పడింది. మనిషి కంటికి అవన్నీ ఒకటే, మెషిన్‌కి మాత్రం నాలుగు వేరు వేరు ఊళ్లు.

ఇంకో చిక్కు జిల్లాలది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయింది కదా. గుంటూరులోంచి బాపట్ల, రేపల్లె, వేమూరు వైపు, ప్రకాశంలోంచి చీరాల వైపు వచ్చి కలిశాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. నా షీట్లో పాత అర్జీలన్నిటికీ ఎదురుగా "గుంటూరు" అని ఉంది. ప్రతి వరసా వెతికి మార్చాను. కొన్ని మార్చాను, కొన్ని మర్చిపోయాను. నిజాంపట్నం సగం గుంటూరులో, సగం బాపట్లలో ఉన్నట్టు తయారైంది నా షీటు.

అప్పుడు తెలిసింది డేటాబేస్ ఎందుకు పుట్టిందో. 1970లో ఐబీఎం కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్ని టేబుళ్లుగా విడగొట్టి, వాటి మధ్య సంబంధాలు పెట్టమన్నాడు. అందులోంచి వచ్చిన పద్ధతిని మనం పనిచేసేవాళ్ల మాటల్లో చెప్పుకుంటే ఇంతే: ఒక సంగతి ఒక్కచోటే రాయి, మిగతా చోట్ల దాని నంబరు రాయి. కొన్నేళ్లకి అదే కంపెనీలో దానికి తగ్గ భాష ఒకటి తయారైంది. దాన్నే మనం ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నాం.

నేను మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నాలుగు టేబుళ్లు.

మొదటిది మండలాలు. మండలం పేరు, ఏ జిల్లా. రెండోది కాలనీలు. కాలనీ నంబరు, పేరు, ఏ మండలం. మూడోది అర్జీలు. అర్జీ నంబరు, ఏ కాలనీ, సమస్య ఏ రకం, ఇచ్చిన తారీఖు. నాలుగోది కదలికలు. ఏ అర్జీ, ఏ తారీఖున ఏం జరిగింది, ఎవరి టేబుల్ మీదికి వెళ్లింది.

కాలనీ పేరు ఒక్కచోటే ఉంటుంది. తప్పుంటే ఒక్కచోట దిద్దితే చాలు. జిల్లా మారితే మండలాల టేబుల్లో మారిస్తే సరి. కాలనీకి ఇచ్చే నంబరుని ప్రైమరీ కీ అంటారు. రేషన్ కార్డు నంబరు లాంటిది అనుకోండి, ఒకరిది ఇంకొకరికి ఉండదు. అర్జీల టేబుల్లో అదే నంబరు వేస్తే దాన్ని ఫారిన్ కీ అంటారు. లేని కాలనీ నంబరు వేస్తే డేటాబేస్ ఒప్పుకోదు.

నాలుగో టేబుల్ ఎందుకని మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. "అర్జీలోనే స్థితి అని ఒక గడి పెడితే సరిపోతుంది కదక్కా?" అని. మొదట నేనూ అలానే చేశా. పెండింగ్ అని ఉన్నదాన్ని కొట్టేసి తహసీల్దార్ ఆఫీసు అని రాస్తే, పెండింగ్ ఎన్నాళ్లు ఉందో పోయింది. మళ్లీ కొట్టేసి "పరిష్కారం" అని రాస్తే మధ్యలో కథంతా పోయింది. మనకి కావాల్సింది ఆ కథే. ఇంటి స్థలం కోసం సోమవారం అర్జీ ఇస్తాం. మండలానికి పంపామంటారు. అక్కడ సచివాలయానికి పంపామంటారు. మళ్లీ సోమవారం వెళ్తే కొత్తగా అర్జీ ఇవ్వమంటారు. ఈ తిరుగుడు అంతా తారీఖులతో సహా ఉండాలి. అందుకే కదలిక ప్రతిదీ వేరే వరస. ఏదీ కొట్టేయం, కింద ఇంకోటి రాస్తాం.

తారీఖుల గురించి కూడా ఒక మాట. నేను 05/06 అని మామూలు అక్షరాల్లా ఎక్కించాను. అది మే ఆరా, జూన్ ఐదా? నాకే తెలియలేదు. తారీఖుకి డేటాబేస్‌లో డేట్ అనే రకం ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అలా పెడితే ఈ రోజుకి ఎన్ని రోజులైందో అదే లెక్కగడుతుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ 30 దాటినవి ఏవో ఒక్క లైనుతో బయటికి తీయొచ్చు. మన నోటితో చెప్తే ఇలా ఉంటుంది: "అర్జీల్లోంచి, జవాబు రానివి, ఇచ్చి 30 రోజులు దాటినవి, మండలాల వారీగా లెక్కపెట్టి చూపించు." ఎస్‌క్యూఎల్ కూడా దాదాపు ఇదే. సెలెక్ట్ అంటే చూపించు. వేర్ అంటే ఇలాంటివి మాత్రమే. గ్రూప్ బై అంటే వారీగా. భయపడాల్సిందేం లేదు.

తెలుగుతో పడ్డ తిప్పలు వేరు. మొదటిసారి కాలనీ పేరు తెలుగులో ఎక్కించి చూస్తే వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. అన్నీ ప్రశ్నలే, ఒక్క అక్షరం లేదు. ఏందిరా ఇదని రాత్రంతా కూర్చున్నా. పాత మైఎస్‌క్యూఎల్ టేబుల్ ఐరోపా అక్షరాలకి మాత్రమే సరిపోయే పద్ధతిలో ఉంది. దాన్ని యూటీఎఫ్ ఎయిట్ పద్ధతికి మారిస్తే తెలుగు వచ్చింది. కానీ ముందు ప్రశ్న గుర్తులు అయిపోయినవి తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే. కాబట్టి తమ్ముళ్లూ, టేబుల్ కట్టే రోజే యూటీఎఫ్ ఎయిట్ ఎంబీ ఫోర్ అని పెట్టుకోండి. తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

డీటీపీ సెంటర్లో కొట్టించిన పాత అర్జీలు తెచ్చి పేస్ట్ చేస్తే ఇంకో తమాషా. అవి అను ఫాంట్లలో కొట్టినవి. కాగితం మీద తెలుగే. కంప్యూటర్ లోపల మాత్రం పిచ్చి గుర్తులు. అవి యూనికోడ్‌లోకి మార్చుకుంటేనే వెతకడానికి పనికొస్తాయి.

గడి ఎంత పెద్దది పెట్టాలన్నదీ చూసుకోవాలి. స్టువర్టుపురం అనే మాట మన కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కపెట్టి పదమూడు అంటుంది. ఇంగ్లీషు లెక్కన పది పెడితే మన ఊరి పేరు సగంలో తెగిపోతుంది, లేదా ఎర్రర్ వస్తుంది.

ఇంకా పెద్ద చిక్కు మన జాతి పేరే. మనం యానాదులం అంటాం. ఇంగ్లీషులో చాలామంది వై పక్కన ఏ పెట్టి రాస్తారు. ఎస్టీ జాబితాలో మాత్రం వై పక్కన ఈ ఉంటుంది. సర్టిఫికెట్లో ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి ఉంటే ఆ ఒక్క అక్షరం మీద పిల్లల స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఎరుకల, యెరుకల, ఎరుకుల అన్నదీ అంతే. మనిషి ఒకడే, మెషిన్‌కి ముగ్గురు. ఆఫీసుల్లో "రికార్డులో లేదమ్మా" అన్నప్పుడల్లా నాకు ఇదివరకు కోపం మాత్రమే వచ్చేది. ఇప్పుడు కోపంతో పాటు ఒక ప్రశ్న కూడా వస్తుంది: "ఏ స్పెల్లింగ్‌తో వెతికారు సార్?" ఈ ప్రశ్న అడగడం నేర్చుకోండి. చాలాసార్లు పని అవుతుంది.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి. నల్ అని ఒకటుంది. డేటాబేస్‌లో ఖాళీ గడి. ఖాళీ అంటే సున్నా కాదు, లేదు అని కూడా కాదు. తెలియదు అని. కాలనీల టేబుల్లో నీళ్ల కుళాయి అని ఒక గడి పెట్టాను. ఉంది, లేదు అని రాశాను. మేము ఇంకా వెళ్లని కాలనీల దగ్గర ఖాళీగా వదిలేశాను. ఒకరోజు "కుళాయి ఉంది అని లేని కాలనీలన్నీ చూపించు" అని అడిగా. లేదు అని రాసినవి వచ్చాయి. ఖాళీగా ఉన్నవి రాలేదు! ఉంది అన్న లెక్కలోనూ లేవు, లేదు అన్న లెక్కలోనూ లేవు. రెండిటి మధ్యలో మాయమైపోయాయి. ఖాళీవి కావాలంటే ప్రత్యేకంగా ఖాళీవి చూపించు అని అడగాలి. అడగకపోతే రావు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన బతుకంతా ఇదే కదా అనిపించింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు ఐదు లక్షలు దాటి ఉన్నారు, ఎరుకలూ ఐదు లక్షలు దాటి ఉన్నారు. అయినా చెరువు గట్ల మీద, కాలవ గట్ల మీద గుడిసె వేసుకుని ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చి అడిగిందెవరు? బాధితుల జాబితాలో ఉండరు, బాగున్నవాళ్ల జాబితాలోనూ ఉండరు. అడగకపోతే లెక్కలోంచే పోతారు. అందుకని మా వెబ్‌సైట్లో ఇప్పుడు మూడు అంకెలు కనిపిస్తాయి: ఉంది ఇన్ని, లేదు ఇన్ని, ఇంకా వెళ్లి అడగనివి ఇన్ని. ఆ మూడోది మా సిగ్గు. అది తగ్గించడం మా పని.

ఇక నేను చేసిన అతిపెద్ద తప్పు చెప్తాను. నవ్వుకోండి, పర్లేదు.

ఒక అర్జీ పరిష్కారమైంది. నగరం మండలంలో ఒక ముసలాయనకి పింఛను వచ్చింది. సంతోషంగా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అర్జీని "పరిష్కారం" అని మార్చబోయాను. అప్‌డేట్ అని రాసి, వేర్ అని అర్జీ నంబరు రాయడం మర్చిపోయాను. ఎంటర్ కొట్టాను. ఒక్క క్షణంలో మన అర్జీలన్నీ పరిష్కారం అయిపోయాయి! ఇళ్ల స్థలాలన్నీ ఇచ్చేసినట్టు, కుళాయిలన్నీ వేసేసినట్టు, వెట్టి అంతా పోయినట్టు. సోమవారం గ్రీవెన్స్‌లో తిరిగిన పెద్దమ్మలు ఇక్కడున్నారు. పని జరక్కుండానే సమస్య పరిష్కరించబడింది అని ఫోన్‌కి మెసేజ్ వస్తే ఎలా ఉంటుందో వాళ్లనే అడగండి. నేను కూడా అదే పని చేశాను, ఒకే ఒక్క లైనుతో.

బ్యాకప్ పదకొండు రోజుల కిందటిది ఉంది. మధ్యలోవి కాగితాలు చూసుకుని మళ్లీ ఎక్కించాను. అప్పట్నుంచి మూడు నియమాలు పెట్టుకున్నా. ఒకటి, అప్‌డేట్ గానీ డిలీట్ గానీ కొట్టేముందు అదే వేర్ పెట్టి సెలెక్ట్ కొట్టి ఎన్ని వరసలు వస్తాయో చూడు. ఒకటి రావాల్సిన చోట వందలు వస్తే ఆగు. రెండు, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి చెయ్యి. తప్పయితే రోల్‌బ్యాక్ అంటే వెనక్కి వస్తుంది. కమిట్ అన్నాక రాదు. మూడు, రోజూ బ్యాకప్ తియ్యి, ఒక కాపీ వేరే చోట ఉంచు. తుఫాను ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది నేను చెప్పాలా? 1977 నవంబరు ఉప్పెన మన పెద్దల కళ్లముందే ఈ తీరాన్ని ముంచింది. ఒకే ఇంట్లో పెట్టిన కాగితం కాగితం కాదు.

నాలుగోది కూడా ఉంది. బయటివాళ్లు వెబ్‌సైట్లో టైప్ చేసే మాటని నేరుగా ఎస్‌క్యూఎల్‌లో అతికించొద్దు. అందులో ఎవడైనా ఆజ్ఞలు రాసి మన టేబుళ్లు తుడిచేయగలడు, లోపలివి చదవగలడు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అని ఒక పద్ధతి ఉంది. బయటి మాటని మాటగానే ఉంచుతుంది, ఆజ్ఞగా మారనివ్వదు. మొదటి రోజు నుంచే అలా రాయడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ముందు గుర్తుపెట్టుకోమన్న చోటికి వస్తాను.

వివరాలు రాసుకోవడానికి ఒక ఎరుకల కాలనీకి వెళ్లాం. నా చేతిలో ఫారం. పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్ నంబరు, ఫోన్, మీ మీద కేసులున్నాయా అని కూడా ఒక గడి. పోలీసులు వేధిస్తున్నారన్న అర్జీల కోసం పెట్టాను, మంచి ఉద్దేశంతోనే. ఒక ముసలవ్వ గంప అల్లుకుంటా ఉంది. నా ఫారం చూసి అడిగింది: "ఇదంతా రాసుకుని యాడ పెడతావు అమ్మాయ్? ఎవరికి చూపిస్తావు?" కంప్యూటర్లో ఉంటుంది అవ్వా, భద్రంగా ఉంటుంది అన్నాను. ఆమె నవ్వింది. "మా మామ పేరు కూడా భద్రంగానే రాసి పెట్టారు. రాత్రిపూట వచ్చి ఆ పుస్తకం చూసి పిలిచేవాళ్లు. పలక్కపోతే కొట్టేవాళ్లు" అంది. పేరు చెప్పలేదు. మమ్మల్ని తిట్టలేదు కూడా. మజ్జిగ ఇచ్చి పంపించింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఎవరం మాట్లాడలేదు. నేను కడుతున్నది ఏందీ? పేరు, తండ్రి పేరు, ఉండే చోటు, కేసులు. 1911 రిజిస్టర్లో గళ్లే నా టేబుల్లో ఉన్నాయి. మన మీద ప్రేమతో కట్టినా రేపు అది ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలుసా?

తర్వాత చదివితే తెలిసింది, ఇది మన ఒక్కరి బాధ కాదని. నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్ చాలా పద్ధతిగా ఉండేది. మతం కూడా రాసి ఉండేది. మామూలు పరిపాలన కోసమే. నాజీలు వచ్చి ఆక్రమించాక యూదుల్ని వెతకడానికి ఆ రిజిస్టరే పనికొచ్చింది. 1943 మార్చి 27న ప్రతిఘటన దళం వాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్ట్రీ ఆఫీసులో బాంబులు పెట్టారు. కొంత భాగమే నాశనమైంది. తర్వాత పట్టుబడ్డవాళ్లలో పన్నెండు మందిని కాల్చి చంపారు. కాగితాలు కాల్చడానికి ప్రాణాలిచ్చారంటే ఆ కాగితాల బలం ఎంతో ఆలోచించండి.

మేము నలుగురం కూర్చుని గొడవపడ్డాం. ఒకన్న "అసలు ఏదీ రాయొద్దు" అన్నాడు. రాయకపోతే ఎర్ర పుస్తకం వాడిదే గెలుపు అన్నాను నేను. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆధార్ నంబరు తీసుకోం. వేలిముద్ర, కేసులు అసలు అడగం. ఆ గడి టేబుల్లోంచే తీసేశాం, ఖాళీగా కూడా ఉంచలేదు. మనిషి పేరు, ఫోన్ వెబ్‌సైట్ ఉన్న డేటాబేస్‌లో ఉండవు. కాగితం మీద రాసి ఆ కాలనీ వాళ్ల దగ్గరే ఉంచుతాం. వెబ్‌సైట్లో అర్జీ నంబరు, మండలం, సమస్య రకం, తారీఖులు, కదలికలు మాత్రమే. ఇద్దరు ముగ్గురు ఇళ్లే ఉన్న చోట కాలనీ పేరు కూడా చూపించం. చూపిస్తే ఎవరో తెలిసిపోతుంది. వెట్టి ఫిర్యాదులు వెబ్‌సైట్లో అసలు పెట్టం. అవి పెడితే రాత్రికి రాత్రి కుటుంబాన్ని వేరే చెరువు మీదికి మార్చేస్తారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకుని, దానికే వాడాలి అంటుంది. చట్టం చెప్పకముందే అవ్వ మాకు చెప్పింది.

డేటాబేస్ పుస్తకాలు ఏం రాయాలో నేర్పిస్తాయి. ఏం రాయకూడదో నాకు నేర్పింది ఆ అవ్వ.

మరి ఇంత చేసి ఏం సాధించావు అంటారేమో. పెద్ద అద్భుతాలేం జరగలేదు. ఇళ్ల స్థలాలు చాలావరకు ఇంకా పెండింగే. కానీ ఒక సోమవారం మా కాలనీ అమ్మలు కలెక్టరేట్‌కి వెళ్లేటప్పుడు ఒక ప్రింటు తీసుకెళ్లారు. ఒకే పేజీ. ఇచ్చిన తారీఖు, ఎన్ని ఆఫీసులు తిరిగిందో, ఎన్ని రోజులైందో. ఎప్పుడూ "మళ్లీ రాసివ్వండమ్మా" అనేవాళ్లు ఆ పేజీ చూసి కూర్చోమన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టడం చిన్న విషయంలా ఉంటుంది. మా అమ్మకి అది చిన్న విషయం కాదు. చదువు రాకపోయినా ఆ కాగితంలో మన అర్జీ వరస ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. ఆ కొట్టాయ కూడా ముందు వాళ్లకే చదివి వినిపించాం, తప్పులు వాళ్లే దిద్దారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ల్యాప్‌టాప్ కొనే దాకా ఆగొద్దు. ముందు కాగితం మీద గళ్లు గీయండి. మీ కాలనీలో బడి మానేసిన పిల్లలో, కుల సర్టిఫికెట్ రానివాళ్లో, ఏదో ఒక్క సమస్య తీసుకోండి. ఏ సంగతి ఎక్కడ ఒక్కసారే రాయాలో తేల్చుకోండి. సగం డేటాబేస్ అక్కడే అయిపోతుంది. తర్వాత ఎస్‌క్యూలైట్‌తో మొదలుపెట్టండి. డబ్బులు కట్టక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, మొత్తం డేటాబేస్ ఒక్క ఫైల్లో ఉంటుంది. అది వచ్చాక మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ చూసుకోవచ్చు. ఇంగ్లీషు రాదని ఆగొద్దు. ఎస్‌క్యూఎల్‌లో పనికొచ్చే మాటలు ముప్పై కూడా ఉండవు. రోజుకి ఒకటి నేర్చుకున్నా ఒక నెల.

తెనాలి రైల్లో వెళ్లేటప్పుడు భట్టిప్రోలు దాటుతాం కదా. అక్కడి స్తూపంలో 1892లో రాతి పెట్టెలు దొరికాయి. వాటిమీద అక్షరాలు రెండువేల ఏళ్లకి పైబడినవి. అందులో ఒక రాజు పేరుంది, దానితో పాటు సంఘంలో ఉన్న మామూలు మనుషుల పేర్ల జాబితాలు కూడా ఉన్నాయి. వాళ్లు ఇష్టపడి, తామే ఇచ్చుకుని, చెక్కించుకున్న పేర్లు. రైలు అక్కడ ఆగినప్పుడల్లా నాకు రెండు జాబితాలు గుర్తొస్తాయి. ఒకటి ఆ రాతి మీదది. ఇంకోటి స్టువర్టుపురంలో రాత్రిపూట హాజరు పిలిచింది.

మన పిల్లలు ఏ జాబితా రాస్తారన్నది మన చేతిలో ఉంది. నేర్చుకోండి. రాసేముందు అడగండి. అడిగాక పద్దు మన దగ్గర పెట్టుకోండి.

జోహార్.